నాలుగు మగ ఎలుకలు, ఒకే పంజరం

అరవైల చివర తార్నాకలో అక్కావాళ్లింట్లో ఉంటూ యూనివర్సిటీలో జంతుశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. డిపార్ట్‌మెంట్ వెనక ఎలుకల గది ఉండేది. తెల్లటి మగ చిట్టెలుకలను కొన్నిటిని విడివిడిగా, కొన్నిటిని గుంపుగా పెంచి, వాటి నడతా ఒంట్లోని గ్రంథులూ ఎలా మారతాయో చూడటం నా పని. ఆ పని నాకు బాగా వచ్చనే నమ్మకం గట్టిగా ఉండేది.

ఆ గదిని చూసుకునే అటెండర్ లాలాపేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మా నాన్న వయసు. కాకా అని పిలిచేదాన్ని.

ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి, విడిగా ఉంచిన నాలుగు ఎలుకలు ఒకే పంజరంలో ఉన్నాయి. ఒకటి మేత దగ్గర దర్జాగా కూర్చుంది. మిగతా మూడింటి తోకలు కాట్లతో పుండ్లయ్యాయి. వాటిలో ఒకటి పైనున్న జాలీని పట్టుకుని వేలాడుతోంది, కిందికి దిగడం లేదు.

“ఏంది కాకా ఇది? ఎవరు కలిపిన్రు?”

“నేనే కలిపిన బిడ్డా. శనివారం పొయ్యేటప్పుడు పానం ఊకోలె. నెలల సంది ఒక్కొక్కటే ఉంటున్నయ్. తోడుంటదని ఒక్కతాన ఏసిన. గిట్ల కొట్లాడతయని నాకేం ఎరుక?”

సంగతి విని, నా పరిశోధనకు గైడ్ అయిన సార్ మండిపడ్డారు. “ఆ ఎలుకలు ఇక ప్రయోగానికి పనికిరావు, తీసెయ్యి. ఆయన్ని రేపటి నుంచి తోట పనికి పంపిస్తా.”

“పంపొద్దు సార్. వాటిని ఒంటరిగా ఎందుకుంచామో నేనే ఆయనకు చెప్పలేదు, తప్పు నాది. ఎలుకలూ ఉండనివ్వండి. కలపకముందు నాలుగూ ఇంచుమించు ఒకే బరువు. ఓడినవాటి ఒంట్లో ఏం జరుగుతుందో చూస్తాను.”

సార్ కాకను అక్కడే ఉండనిచ్చి, నాకు మూడు వారాలు గడువిచ్చారు.

బొచ్చు మీద పసుపురంగు గుర్తులు పెట్టి రోజూ గమనించాను. కాక మాత్రం గుర్తులు చూడకుండానే ఏది ఏదో చెప్పేవాడు. గడువు తీరాక వాటిని కోసి గ్రంథులు తూచాను. ఆ రోజు ఆయన లోపలికి రాలేదు, బయట మెట్ల మీదే కూర్చున్నాడు.

ఓడిన మూడింటిలో మూత్రపిండాల పైనుండే, ఒత్తిడికి స్పందించే అడ్రినల్ గ్రంథులు పెరిగాయి. శుక్రాశయాలు కుంచించుకుపోయాయి, అంటే మగ హార్మోన్ తగ్గిందన్నమాట. నెగ్గినదానికి అన్నీ మామూలుగానే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ కలిసి పెరిగిన అన్నదమ్ము ఎలుకల పంజరంలో ఇంత తేడా లేదు.

బయటికొచ్చి కాకకు చెప్పాను. ఆయన విని, “ఓడినదాన్ని మళ్ల పక్కకు తీస్తే కోలుకుంటదా బిడ్డా?” అని అడిగాడు.

అన్నీ తెలుసనుకున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. “చూద్దాం కాకా” అన్నాను.

కొత్త ఎలుకలతో అంతా మళ్లీ చేశాను. ఓడినవాటిలో కొన్నిటిని నెగ్గినదాని దగ్గరే ఉంచి, కొన్నిటిని వేరు చేశాను. వేరు చేసినవాటిలో చాలావాటి గ్రంథులు కొన్ని వారాల్లో దాదాపు మామూలుకొచ్చాయి. ఒకటి రెండు కోలుకోలేదు, అదీ రాశాను.

డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ఒక ప్రొఫెసర్ మెచ్చుకుని, “వేరు చేసి చూడాలనే ఆలోచన ఎలా వచ్చింది?” అన్నారు.

“మా ఎలుకల గది అటెండర్ అడిగారండీ” అన్నాను. కొందరు నవ్వారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ కాక తల దించుకున్నాడు. నేను వాళ్ల నవ్వు ఆగేదాకా ఉండి, ఆ మాటే ఇంకోసారి చెప్పి, తర్వాతి పటం గోడకు తగిలించాను.