దుప్పటి పరీక్ష

ఇస్త్రీ అయి వచ్చిన తెల్ల దుప్పటి మడత విప్పితే గంజి వాసన వస్తుంది. హోసూరులో నా క్లినిక్కుకు వచ్చేవాళ్లు దాన్ని శుభ్రతకు గుర్తు అనుకుంటారు. నాకు మాత్రం మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఆస్టియోపతీ డాక్టరుకు ఇదేమంత మంచి లక్షణం కాదు. నడుం నొప్పితో వచ్చిన మనిషి ముందు వైద్యుడే ఉలిక్కిపడితే బాగుండదు.

ఆ వాసన వెనక ఉన్నది మా వసంత మేడమ్. విదేశంలో ఈ చదువు చదివి వచ్చి, కృష్ణగిరిలో ఒక పాత మిద్దెలో క్లినిక్ పెట్టారు. ఎముకలూ కీళ్లూ కండరాలూ ఎక్కడ బిగుసుకున్నాయో చేతులతో కనిపెట్టి, చేతులతోనే సరిచేసే వైద్యం. ఊరికి కొత్త, అందరూ నాటు కట్టు వైద్యం అనుకునేవారు. బర్గూరు రాళ్ల క్వారీల నుంచి పనివాళ్లు విరిగిన చేతులతో, కట్టు కట్టడానికి కోడిగుడ్లు కూడా పట్టుకుని వచ్చేవారు. మేడమ్ వాళ్లను ఎముకల ఆసుపత్రికి పంపించేవారు. గుడ్లు ఒక్కోసారి మా దగ్గరే ఉండిపోయేవి. ఫిజియోథెరపీ డిగ్రీతో శిష్యుడిగా చేరిన నేను అక్కడ నేర్చుకున్న మొదటి విద్య ఆమ్లెట్.

రెండోది వెంట్రుక. మేడమ్ తన తల వెంట్రుక ఒకటి కాగితం కింద పెట్టి, కళ్లు మూసుకుని వేలితో కనుక్కోమనేవారు. దొరికితే పైన ఇంకో కాగితం.

"యాడుందప్పా?"

"ఇంతకుముందు మీ తలమీద ఉండె మేడమ్" అన్నాను ఒకసారి.

ఆమె నవ్వలేదు. తన చేతిని నా చేతి మీద మోపారు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే చెయ్యి అది. "నీకు తెలీనప్పుడు జోకేస్తావు. తెలిసినాక భయపడి జోకేస్తావు. ఆ రెండోది మానుకో. చెయ్యి చెప్పింది నోరు చెప్పాల. లేకుంటే నీ దగ్గరికి వచ్చినోళ్లు నవ్వుకుంటానే పోతారు."

శనివారం సాయంత్రం దుప్పటి పరీక్ష. ఒప్పుకున్న రోగి ఎవరైనా బల్ల మీద బోర్లా పడుకుంటే, తల నుంచి కాళ్ల దాకా గంజి పెట్టిన తెల్ల దుప్పటి కప్పేవారు. ఎవరో చూడకూడదు, ఏమీ అడగకూడదు. వేళ్లకు తెలిసింది పైకి చెప్పాలి. మేడమ్ మూల కుర్చీలో కూర్చుని వినేవారు.

ఆ శనివారం నేను వెళ్లేసరికే బల్ల మీద ఎవరో దుప్పటి కప్పుకుని ఉన్నారు, కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను మాట్లాడడానికి వెళ్లారనుకుని పని మొదలుపెట్టాను. దుప్పటి కింద ఊపిరి వస్తోంది, పోతోంది. దాంతోపాటు వీపంతా లేస్తోంది, దిగుతోంది. నడుముకు కాస్త పైన ఒక్కచోట మాత్రం ఏ కదలికా లేదు. వీధి వీధంతా మెలకువగా ఉంటే, ఒక్క ఇల్లు తలుపులు బిగించుకున్నట్టు. అక్కడ వేలు ఆనించగానే దుప్పటి కింద ఒళ్లంతా గట్టిపడింది.

తాళంచెవి పోయినట్టుంది అని జోకెయ్యబోయాను. మింగేశాను. ఖాళీ కుర్చీకే చెప్పాను: "మేడమ్, ఇది మనం నొక్కి సరిచేసేది కాదు. ఎముకలోనే ఏదో ఉన్నట్టుంది. స్కానింగుకు పంపాల. ఆలస్యమైతే ఈ మనిషి మనకు దక్కకపోవచ్చు."

దుప్పటి కింద నుంచి జవాబు వచ్చింది. "నాకూ అట్లే అనిపించిందప్పా. నా వీపు నాకు అందదు కదా."

నా చేతులు ఆమె వీపు మీదే ఉండిపోయాయి. తీయడానికి రాలేదు. ఆ క్షణంలో ఆమె కంటే నేనే చల్లగా ఉన్నాను.

"నాది తప్పయిండొచ్చు మేడమ్."

"అయిండొచ్చు. జోకెయ్యలేదు కదా, అది చాలు. ఇంగ లేయనియ్యి, దుప్పటి నలుగుతాంది."

తప్పు కాలేదు. నా వేలు చెప్పిన మాటనే బెంగళూరు స్కానింగు మరింత మర్యాదగా చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. లేచి నిలబడగలిగినన్నాళ్లూ మేడమ్ వచ్చి, రోగి వీపు మీదున్న నా చేతి మీద తన చేతిని మోపి నేర్పుతూనే ఉన్నారు. తర్వాత ఆ కుర్చీ నిజంగానే ఖాళీ అయింది.

ఇప్పుడు నేను వీపు మీద చేతులు పెట్టగానే ఏమీ చేయను. కాసేపు ఆగుతాను. చల్లని బరువు ఒకటి వచ్చి నా చేతి మీద ఆనుతుంది. నరాల అలసట అని ఒక శాస్త్రీయ కారణం సిద్ధంగా పెట్టుకున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక అది చెల్లుతూ వచ్చింది.

మొన్న అత్తిముగం నుంచి వచ్చిన ఒక పెద్దామె దుప్పటి కింద నుంచి అడిగింది: "నీవి రెండు చేతులు, సరే. ఇంగో చెయ్యి ఎవురిదప్పా? సల్లగుంది."

గదిలో మేమిద్దరమే. జోకు నాలుక చివరి దాకా వచ్చింది.

"మా మేడమ్‌దమ్మా" అన్నాను.

ఆమె వీపు ఇంకాస్త వదులు చేసింది. "ఆడనే ఉండమను. ఇప్పుడిప్పుడే తగ్గతాంది."