బర్రె సూది, అమ్మ మోకాలు

డెబ్బైల మొదట్లో గౌలిపురలో సగం బర్రెలు మావేనని నేను చాలామందికి చెప్పాను. మావి రెండే. అందులో ఒకటి వట్టిపోయింది. పాలిచ్చేదానికి ఆ వానాకాలం పొదుగు వాచి రాయిలా గట్టిపడితే, పశువుల దవాఖానా కంపౌండర్ వచ్చి వరసగా క్రిముల్ని చంపే సూదులు వేశాడు. వాపు దిగింది. మా ఇంటికి కీడు ఆ మంచితోనే వచ్చింది.

అమ్మ మోకాళ్లు అప్పటికే పోయాయి. పెద్ద దవాఖానాలో డాక్టరు నొక్కి చూసి, "కీళ్లు అరిగినయమ్మా. చీము లేదు, క్రిములు లేవు. క్రిముల్ని చంపే సూదులు దీనికి పనిచెయ్యవు" అన్నాడు. అమ్మ నమ్మలేదు. పొదుగుదైనా మోకాలిదైనా ఆమెకు వాపంటే వాపే.

"గదే సూది నాకెయ్యి, తమ్మీ" అని కంపౌండర్‌ను పట్టుకుంది.

"పశువుల మందు మనిషికేస్తరా, అక్కా? నా నౌకరీ పోతది."

"పాలిచ్చేదాన్నే సూస్తున్నవ్, పిండేదాన్ని సూస్తలేవా?"

అతను మందు తగ్గించి వేశాడు. ఇక రోజూ పొద్దున ఒక సూది. నేను శాలిబండ దాకా పోయి, మా అమ్మ మెట్లు పరుగున ఎక్కుతోందని చెప్పుకొచ్చాను. పరుగూ లేదు, మెట్లూ లేవు. గోడ పట్టుకోకుండా గడప దాటింది, అదీ ఒక్కసారి.

తర్వాత మళ్లీ గోడ పట్టుకుంది. ఈసారి నేల తిరుగుతోందని. "చెవుల ఈగ దూరినట్టుందిరా, జుయ్యిమంటుంది" అనేది. బర్రెలున్న ఇంట్లో ఈగలకేం కొదవ అని నవ్వాను. దూడ అరిచినా తల తిప్పడం మానేసింది.

ఒక పొద్దున పాలు పితుకుతోంది. బకెట్ నిండేకొద్దీ ధార చప్పుడు మారుతుంది. పితికేవాళ్లు చూడనక్కర్లేదు, వింటే చాలు. ఆ రోజు బకెట్ నిండి, నురుగు పొంగి, పాలు ఆమె పాదాల మీదుగా పేడలోకి కారుతున్నాయి. అమ్మ బర్రె డొక్కకు తల ఆనించి పితుకుతూనే ఉంది.

"అమ్మా!" అని కేకేశాను. బర్రె తిరిగి చూసింది. అమ్మ చూడలేదు.

అప్పుడే కంపౌండర్ సైకిల్ దిగాడు. అతని సూదుల డబ్బా మురికి మోరీలో విసిరేశానని తర్వాత అందరికీ చెప్పాను. విసరలేదు. చేతులు అడ్డం పెట్టి, "ఇగ వద్దు సాబ్. అమ్మకు ఇనవడ్తలేదు" అన్నాను, అంతే.

"చెవులల్ల మోతొస్తుందని నాకెందుకు చెప్పలే? మోత మొదలైన్నాడే ఆపాలె ఈ సూది, లేకుంటే చెవులు పోతయ్" అంటూ అతను డబ్బా మూసేశాడు.

అమ్మ మా ఇద్దరి నోళ్లను మార్చి మార్చి చూసింది.

"ఏందిరా ఆ గుసగుసలు? సూదెయ్యమను. ఇయ్యాల మోకాలు మస్తు గుంజుతుంది" అని గల్లీ అంతా వినిపించేలా అరిచింది.