కోదాడలో మా నాన్న తాగిన టీ

మా ఆయనది మోటారు వైండింగ్ షాపు. సూర్యాపేట చుట్టుపక్కల ఎవరి బావి దగ్గర మోటారు కాలినా మా షాపు ముందుకే వస్తుంది. అందుకే తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగు మా ఇంటికి రెండు సందుల అవతలే జరుగుతుందని నేను కనుక్కొచ్చినప్పుడు ఆయన ససేమిరా అన్నాడు. అక్కడ కూర్చునేవాళ్లలో సగం మంది తన గిరాకీలేనట. పోనీ మిర్యాలగూడలో ఇంకొకటి ఉందన్నాను. అక్కడి రైసు మిల్లులవాళ్లందరికీ తన మొహం తెలుసట. తాగి నడిరోడ్డు మీద తూలినప్పుడు లేని సిగ్గు, మానడానికి పోయేటప్పుడు ఎక్కడినుంచి ఊడిపడిందో! నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి కోదాడ మీటింగు నడిపే పెద్దాయనకు ఫోన్ చేశాను. "రండమ్మా, ఆదివారం పొద్దున్నే. ఇంట్లోవాళ్లూ కూర్చోవచ్చండి, టీ కూడా ఉంటుంది" అన్నాడాయన. ఆ "అండి" వినగానే పక్కనే చెవి పెట్టిన మా ఆయనకు ధైర్యం వచ్చింది. అంత మర్యాదగా మాట్లాడే ఊళ్లో తనను ఎరిగినవాళ్లెవరూ ఉండరని ఆయన నమ్మకం.

నా తొందరకు కారణం ఉంది. ఆ పై ఆదివారమే మోతెలో మా అమ్మావాళ్లు ఆడబిడ్డనని నా ఒడి నింపి ఒడిబియ్యం పోస్తున్నారు, విందు కూడా పెడుతున్నారు. మా నాన్న సంగతి చెప్పాలంటే, అల్లుడి గ్లాసు ఖాళీగా కనబడితే ఇంటి పరువు పోయినట్టు గాభరా పడే మనిషి. పెళ్లినాటి నుంచి మా ఆయనకు స్వయంగా పోసేది ఆయనే. మా ఆయన కొన్నాళ్లుగా చుక్క ముట్టలేదు. మొన్న దసరాకు ముందు కూడా ఇలాగే మానాడు, పండక్కి మా పుట్టింటి విందుతో మళ్లీ మొదలైంది. ఈసారి ఆ విందు ఎలా దాటాలన్నదే నా దిగులు.

అయినా ఆ ఆదివారం బస్సెక్కినప్పటి నుంచి నాకు ఊరికే నవ్వొస్తోంది. ఇల్లు కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటే మనిషి ఇంత తేలికైపోతుందని నాకు అంతవరకు తెలియదు. మీటింగు ఒక ట్యూషన్ సెంటర్ గదిలో. గోడల నిండా ఎక్కాలు, ఉన్నవన్నీ చిన్నపిల్లల బెంచీలు. మీసాలు నెరిసినవాళ్లంతా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని బుద్ధిగా కూర్చుంటే, నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడే తలుపు తోసుకుని మా నాన్న లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. వడ్ల రేటు కనుక్కోవడానికి మిర్యాలగూడ పోయాడని పొద్దున్నే అమ్మ ఫోన్లో చెప్పింది.

మమ్మల్ని చూసి నాన్న ఒక్క క్షణం నిలబడిపోయాడు. ఆ వెంటనే అలవాటు ఆయనను ముందుకు తోసింది. ఎప్పుడొచ్చిండ్రు, తిన్నరా అని తన ఇంటి అరుగు మీద అడిగినట్టే అల్లుణ్ణి అడిగాడు. మామను చూసి కూర్చునే ఉంటే ఏం బాగుంటుందని మా ఆయన దిగ్గున లేవబోయి, ఇరుక్కుని, బెంచీతో సహా లేచాడు. మామను ఇంటికి తీసుకుపోదామనే వచ్చానన్నాడు. నాన్న కూడా అల్లుడి కోసమే వచ్చానన్నాడు. మొత్తానికి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వచ్చారు, తాగేవాడు మాత్రం ఎవడూ లేడు. నేను నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను.

తిరిగి చూసేసరికి నాన్న చెప్పుల వైపు నడుస్తున్నాడు. మా ఆయన కూడా వాకిలి వైపే చూస్తున్నాడు. నా నవ్వు ఆగిపోయింది. ఒకరు పోతే రెండోవారూ పోతారు. వచ్చే ఆదివారం ఇద్దరూ ఒకే చాప మీద సీసా ముందు కూర్చుంటారు.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దాయన నాన్న చేతిలో టీ గ్లాసు పెట్టాడు. పోసిచ్చినదాన్ని వదిలేసి లేచిపోవడం మా నాన్న పుట్టి బుద్ధెరిగి చేయలేదు. ఆ మర్యాదే ఆయనను కూర్చోబెట్టింది, అదీ అల్లుడి పక్కనే. టీ అయ్యేదాకా ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన కూడా చాలా నెమ్మదిగా తాగాడు. తాగి, ఖాళీ గ్లాసు వైపే చూస్తూ చెప్పాడు.

"నేను తాగుబోతును. మా అల్లునికి మొదటి గ్లాసు పోసింది గూడ నేనే. మర్యాద అనుకున్న."

మా ఆయన లేచాడు. నాన్న చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని, పోయి టీ నింపుకొచ్చి ఇచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. మా నాన్న మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం అన్నానికి నాన్న కూడా మాతోనే సూర్యాపేట బయల్దేరాడు. బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. ఆ బెంచీ గుర్తొచ్చి నేను కిసుక్కుమంటే వాళ్లిద్దరూ అందుకున్నారు, ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. టికెట్లు కొట్టడానికి వచ్చిన కండక్టర్ మమ్మల్ని ఎగాదిగా చూసి, పొద్దుగల్లనే ఏసినట్టున్నరని గొణిగాడు. దాంతో నాన్నకు నవ్వీ నవ్వీ పొలమారింది.

ఇంతలో నాన్నకు అమ్మ ఫోన్, పక్కనున్న మాకూ వినబడేంత గట్టిగా. వడ్ల రేటెంత, వచ్చే వారం అల్లుడికి ఏ సీసా తెప్పించాలి అని ఒకటే అడగడం. నాన్న నవ్వు ఆపి మా ఆయన వైపు చూశాడు. తర్వాత ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏ సీసా వద్దు. ఇగ నేను తాగ, అల్లునికి పొయ్య."

అమ్మ అవతల టీవీ ఆపేసినట్టుంది.

"మల్లొక్కసారి చెప్పు" అంది.

నాన్న మళ్లీ చెప్పాడు. ఈసారి బస్సంతా వినబడింది.