లీటరు పెట్రోలులో పోనూ రానూ

మా మామ పోయారు. పోయిన నెల, సూర్యాపేట దవాఖానలో, ఎండ బాగా ఎక్కాక. ఊపిరితిత్తుల జబ్బు చాలా కాలంగా ఉన్నదే అయినా ఇంత తొందరగా పోతారని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు. నా భర్తకు తండ్రి అని ఒక్క మాటలో చెప్పేస్తే నాకు తృప్తిగా ఉండదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇవాళ నేను బడిలో పిల్లల ముందు నిలబడుతున్నానంటే అందులో సగం ఆయన పాత కారు పుణ్యం. మిగతా సగం ఆ కారును ఆయన పెట్టిన తిప్పల పుణ్యం.

మా ఇల్లు తిరుమలగిరిలో. మామ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. డిపోలో ఏ డ్రైవరు లీటరు డీజిలుకు ఎక్కువ దూరం నడిపాడో చూసి మెచ్చుకునే పద్ధతి ఉండేదట. ఆ మెప్పు ఆయనకు పిచ్చిగా అంటుకుంది. రిటైరయ్యాక ఒక చిన్న పాత కారు కొన్నారు. దాని తెల్లరంగు అప్పటికే మీగడ రంగుకు తిరిగింది. ఎక్కడికైనా తిరగడానికి కొన్నారేమో అనుకున్నాం గానీ, ఆయన దాన్ని కడిగి, ఇంటి ముందు పెట్టి, చప్పుడు వినడానికే స్టార్టు చేసేవారు. పెట్రోలు దండగ అని అత్తమ్మ గొణుక్కునేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు విద్యా వలంటీరుగా పని దొరికింది. మోత్కూరు రోడ్డు మీద నుంచి లోపలికి పోతే వచ్చే ఊళ్లో ప్రాథమిక బడి. ఆ ఊరికి పొద్దున ఒక బస్సు, చీకటి పడ్డాక ఒక బస్సు. మా పాప అప్పటికి పాలు మానలేదు. మా ఆయన తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతాడు. ఆటోలు మారి నేను ఇల్లు చేరేసరికి పాప ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉండేది. ఒక సాయంత్రం పిల్లను ఒళ్లో వేసుకుని, ఇక పని మానేస్తానని చెప్పేశాను. మామ ఊరుకోలేదు.

"కారున్నది గద. నేను దిగబెడుత, నేనే తోల్కొస్త."

అత్తమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. "వచ్చే జీతమంత బండే తాగితె, ఇగ పిల్లను ఇడిసిపెట్టి పోవుడెందుకు? ఇంట్లనే ఉండనియ్."

ఆమె మాటలో తప్పు లేదు. వలంటీరు జీతం చిన్నది, అదీ నెలనెలా చేతికి వచ్చేది కాదు. వాదన చాలాసేపు సాగి చివరికి ఒక ఒప్పందం కుదిరింది. లీటరు పెట్రోలులో కారు బడి దాకా పోయి తిరిగి ఇల్లు చేరితే నేను పనికి పోవచ్చు. చేరకపోతే మానేయాలి. నా పని ఒక లీటరు పెట్రోలు మీదికి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆ పిల్లలు నాకు అప్పటికే అలవాటైపోయారు. వాళ్లను వదిలి ఉండగలనా అని లోపల ఒకటే గుబులు.

మర్నాటి నుంచి మామ కారును విప్పడం మొదలుపెట్టారు. పైన ఉన్న క్యారియరు తీశారు. ముందున్న ఇనుప గార్డు తీశారు. పాటల డబ్బాలు తీశారు, స్టెప్నీ టైరు మంచం కిందికి తోశారు. ఆఖరికి వెనక సీటు కూడా పీకి వసారాలో వేశారు. అత్తమ్మ దాని మీద దర్జాగా కూర్చుని చిక్కుడుకాయలు తుంపేది. "ఇంజను గూడ తీసెయ్, ఇంక మంచిగ పోతది" అని ఎగతాళి చేసేది.

"బరువు దించితె బండి తక్వ తాగుతది బిడ్డా" అని ఆయన నాకు చెప్పేవారు. "బస్సుల జనాన్ని ఎట్లాగూ దించలేకపోతిని. గీడ సీటన్న దించుత."

టైర్లలో గాలి కొంచెం గట్టిగా పట్టించారు. కార్బురేటరు విప్పి కడిగి బిగించారు. తర్వాత కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ స్క్రూను గింజంత గింజంత తిప్పేవారు. చప్పుడు నచ్చితే తల ఊపేవారు. చలికాలం కదా, ఇంజను చల్లగా ఉంటే ఎక్కువ తాగుతుందని గాలి దూరే ముందు జాలీకి సగం దాకా అట్టముక్క కట్టారు. కడుపులో పొయ్యి మండుతున్నా దానికి దుప్పటి కప్పే మనిషిని నేను ఆయన్నే చూశాను.

పరీక్ష ఒక ఆదివారం పెట్టారు. పెట్రోలు ముల్లును మామ నమ్మేవారు కాదు. ఊళ్లో డాక్టరు దగ్గర ఖాళీ సెలైన్ సీసా తెచ్చి, అందులో లీటరు పెట్రోలు పోసి, నా సీటు పక్కన తల ఎత్తున కట్టారు. దాని గొట్టం కిటికీలోంచి బానెట్ కిందికి పోయింది. ట్యాంకుతో ఇక సంబంధం లేదు, సీసా అయిపోతే బండి ఆగిపోతుంది. ఇది పాత డ్రైవర్ల పద్ధతట. సీసా ఊగకుండా పట్టుకోవడం నా పని. పాపను పక్కింట్లో అప్పగించి, సాక్ష్యానికి నేనూ వస్తానని అత్తమ్మ కూడా ఎక్కింది. సీటు లేదు కాబట్టి వెనక బొంత పరుచుకుని కూర్చుంది.

వీధి మలుపులో ఒకాయన ఆపి అడిగాడు. "ఏందన్నా, కారుకు గ్లూకోజు ఎక్కిస్తున్నవా?"

"ఔ, జర నీరసమొచ్చింది" అన్నారు మామ, మొహంలో ఏమీ కనబడనీయకుండా.

ఆయన చెప్పులు విప్పి ఒట్టికాళ్లతో నడిపేవారు. పెడలు ఎంత లోపలికి పోతోందో కాలికి తెలియాలనేవారు. ఎదురుగా గేదెల మంద కనబడితే అంత దూరం నుంచే కాలు తీసేసి, బండిని దాని మానాన దొర్లనిచ్చి, మంద దాటేసరికి సరిగ్గా అక్కడికి చేరేవారు. "బ్రేకు తొక్కినవంటె పెట్రోలు రోడ్డు మీద పారబోసినట్టే" అనేవారు. బడి ముందు బండి తిప్పుకునేసరికి సీసాలో సగానికి పైనే మిగిలింది. నాకు ధైర్యం వచ్చింది.

తిరుగు దారిలో, మోత్కూరు రోడ్డెక్కే మలుపులో ఒక ముసలామె పెద్ద మూటతో నిలబడి ఉంది. మామ చూసీ చూడనట్టు పోనిస్తున్నారు. వెనక నుంచి అత్తమ్మ కేక వేసింది.

"ఆపు, ఆపు. గామెది మా అవ్వగారి ఊరు."

"ఇయ్యాల పరీక్ష గదనే."

"పరీక్షుంటె ఉండనియ్. మనిషి మూటతోని నిలవడ్డది, కనవడ్తలేదా?"

ముసలామె ఎక్కింది. మూట ఎక్కింది. కొంచెం దూరం పోయాక ఆమెకు తెలిసిన ఇంకొకామె చెయ్యెత్తింది, ఆమె కూడా బొంత మీద సర్దుకుంది. వెనక ముగ్గురూ పుట్టింటి ముచ్చట్లలో పడ్డారు. నేను సీసా వైపు చూడటం మానేశాను. మార్కెట్ యార్డు ముందుకు వచ్చేసరికి ఇంజను దగ్గి, గుంజుకుని, ఆగిపోయింది. మా ఇల్లు ఇంకా రెండు వీధుల అవతల ఉంది.

మామ స్టీరింగు మీద చేతులు అట్లాగే పెట్టి కూర్చున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, బడి అయిపోయిందనుకున్నాను. అత్తమ్మ దిగి, ముందుకు వచ్చి, ఖాళీ సీసాను ఒకసారి చూసింది.

"ఆపుమన్నది నేను. గా మూటను ఎక్కిచ్చింది నేను. తక్వ పడ్డది నా మీద ఏసుకో. బండి ఇల్లు చేరినట్టే." తర్వాత నా వైపు తిరిగింది. "రేపు బడికి ఎన్ని గంటలకు ఎల్లాలె?"

అందరం కలిసి కారును ఇంటి దాకా నెట్టుకొచ్చాం. ముసలామె కూడా ఒక చెయ్యి వేసింది. మామ స్టీరింగు పట్టుకుని పక్కన నడుస్తూ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నారు. అంత నవ్వు ఆయన మొహంలో నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కారులోనే బడికి పోయాను. పాప ఆకలి వేళకు ఇల్లు చేరేదాన్ని. బరువు తగ్గించడానికి సీటు పీకిన మనిషి, దారిలో చెయ్యెత్తిన ఎవ్వరినీ వదలలేకపోయేవారు. పత్తి ఏరే ఆడవాళ్లు, పింఛనుకు పోయే ముసలివాళ్లు ఆ బొంత మీదే కూర్చునేవాళ్లు, ఒకసారి మేకపిల్ల కూడా ఎక్కింది. మరి మైలేజీ సంగతేమిటని అడిగితే, "మనుషులు బరువుండరు బిడ్డా, మూటలే బరువు" అని తప్పించుకునేవారు. ఒక ఎండాకాలం జాలీ అట్టముక్క తీయడం మరిచిపోయి, నడిరోడ్డు మీద బానెట్ కింది నుంచి పొగలు కక్కించారు. ఆ రోజు సిగ్గుతో నాతో మాట్లాడలేదు.

నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. నేను తొందరపడితే తిట్టేవారు కాదు. "దూరం చూసి నడుపు. దగ్గర చూస్తె బ్రేకే యాదికొస్తది" అనేవారు. ఆ కారులో పోతూ వస్తూ చదువుకుని ఉద్యోగ పరీక్ష రాసి టీచరునయ్యాను. ఫలితం వచ్చిన రోజు ఆయన మిఠాయి తేలేదు, కారుకు కొత్త ప్లగ్గులు వేయించారు. అది నాకు బహుమతి అని అర్థం చేసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

పోయిన నెల ఒక పొద్దున ఆయనకు ఊపిరి అందలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మామను ముందు సీట్లో కూర్చోబెట్టి నేనే సూర్యాపేటకు బయల్దేరాను. పెడలు ఎంత లోపలికి పోతే అంత తొక్కాను. అర్వపల్లి దాటాక ఆయన కళ్లు తెరిచి ఇంజను చప్పుడు విన్నారు.

"గంతగనం తొక్కకు బిడ్డా. తాగుతది."

"తాగనియ్ మామా" అన్నాను.

ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత దవాఖాన వాళ్లు ఆయన్ని వ్యాన్ ఎక్కించారు. మా ఆయనా, అత్తమ్మా ఆయనతో వ్యాన్‌లో కూర్చున్నారు. వెనక కారులో నేనొక్కదాన్నే. వ్యాన్ డ్రైవరు మర్యాద తెలిసినవాడు, మెల్లగా పోనిచ్చాడు. నేను ఇంకా మెల్లగా పోనిచ్చాను. బ్రేకు ఎక్కడా తొక్కలేదు. వెనక లారీల వాళ్లు హారన్లు కొట్టి, విసుక్కుని, దాటుకుపోయారు. ఎంత నిదానంగా నడిపినా తిరుమలగిరి వచ్చేసింది.