ఉంటుందన్న పినియను

మా మామగారి కారుకు ప్రాణం ఉండేది, నడక ఉండేది కాదు. ముందు భాగాన హాండిలు దూర్చి బలంగా తిప్పితే ఇంజను లేచేది, దీపాలు వెలిగేవి, రేపల్లెలోని వాళ్ల బండ్ల సావిడిలో పక్కనే కట్టేసిన గేదెలు బెదిరి పలుపులు తెంపుకోబోయేవి. ఇంత ఆర్భాటమూ చేసి, గేరు వేసి క్లచ్చి వదిలేసరికి వెనుక ఇరుసులో ఏదో పటపట కొరికినట్లు చప్పుడయ్యేది. చక్రం మాత్రం ఉన్నచోటనే ఉండేది.

ఇది అరవైల చివరి మాట. నేను అప్పట్లో బాపట్లలో ఒక హైస్కూలులో తెలుగు పండితుణ్ణి. ఆ కారు ఇంగ్లండునుంచి వచ్చిన సీమ సరుకు. యుద్ధానికి ముందు మామగారు మద్రాసులో కొని తెచ్చుకున్నది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మామగారు పోయిన తరువాత వ్యవసాయమంతా మా బావమరిది చేతికి వచ్చింది. దానితోపాటు సావిడీ, సావిడిలోని కారూ.

కారు మీద ఆశ నాది కాదు, నా భార్యది. ఆమె చిన్నతనంలో మామగారికి చూపు మందగించింది, డ్రైవరు పని మానుకున్నాడు, కొడుకు కాళ్లు ఇంకా పెడళ్లకు అందవు. చేసేది లేక ఆయన కూతుర్ని ముందు సీటులో కూర్చోబెట్టి, కాలువగట్టు మీద నడపడం నేర్పారు. ఆడపిల్ల కారు నడుపుతోందని ఊరు కొన్నాళ్లు వింతగా చూసి, తరువాత చూడటం మానుకుంది. పెళ్లయి నా ఇంటికి వచ్చాక ఆమెకు నడపడానికి వాహనమేదీ లేకపోయింది. ఒక్కసారైనా మళ్లీ ఆ గట్టు మీద తన చేతులతో ఆ కారును నడపాలని ఆమె కోరిక. నన్ను కోరినవి చాలా తక్కువ కనుక, ఈ ఒక్కటీ తీర్చగలననుకున్నాను.

బావమరిది షరతు పెట్టాడు. "నడిస్తే నీదే అక్కా, తోలుకుపో. ఉగాది దాకా చూస్తాను. నడవకపోతే ఇంజను పీకి కొల్లూరు తీసుకెళ్తా. లంకలో అరటితోట ఏటా ఎండలకి మాడిపోతోంది. నీళ్లు తోడటానికి ఇంతకన్నా మంచి ఇంజను నాకెక్కడ దొరుకుద్ది?"

అన్యాయమైన మాట కాదు. అందుకే మరింత కోపం వచ్చింది నాకు.

రేపల్లె మెకానిక్కు ఇరుసు విప్పి లోపల ఒకదానినొకటి కరచుకుని తిరిగే రెండు పళ్లచక్రాలను చూపించాడు. పెద్దది క్రౌను, చిన్నది పినియను. పినియను పళ్లు విరిగిపోయాయి. "ఇది దొరికితే బిగించడం ఒక పూట పనండి. దొరకడమే పని" అని దాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. తెనాలిలో పాతకార్ల సామాను అమ్మే షాపు ఒకటుందని చెప్పాడు. ఆ క్షణం నుంచి నా శనివారాలు నావి కాకుండా పోయాయి.

తెనాలి షాపు ఒక ఇరుకు సందులో ఉండేది. పైకప్పునుంచి ట్యూబులు, ఫాను బెల్టులు వేలాడేవి. గ్రీజు వాసనలో సాంబ్రాణి వాసన కలిసి ఉండేది. యజమాని నున్నగా దువ్విన తలతో, నుదుట కుంకుమతో, చెరగని చిరునవ్వుతో కూర్చుని ఉండేవాడు. విరిగిన పినియనును అటూ ఇటూ తిప్పి చూసి, "ఉంటుందండి మాస్టారూ" అన్నాడు.

నా గుండె తేలికపడింది. "ఏదీ, చూపించండి."

"ఇప్పటికిప్పుడంటే ఎలాగండి? పై వారం ఇటు రాకూడదూ? కూర్చోండి, టీ చెప్తాను."

"టీ నాకు అలవాటు లేదు. పై వారానికి తప్పకుండా ఉంటుందా?"

"ఉంటుందండి. ఇలాంటివి ఎక్కడికి పోతాయి?"

పై వారం వెళ్లాను. మద్రాసుకు రాశానన్నాడు. ఆపై వారం, సరుకు దారిలో ఉందన్నాడు. మరొకసారి, "వచ్చేసినట్టేనండి" అన్నాడు. బాపట్లలో పాసెంజరు ఎక్కి, తెనాలిలో దిగి, ఆ సందులో ఆ చిరునవ్వు చూసి, మళ్లీ పాసెంజరు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాణ్ణి. దిద్దవలసిన కాంపోజిషన్ పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. వాటికి గ్రీజు అంటుకుంటే, పిల్లలు తమ పంతులుగారు రహస్యంగా లారీ నడుపుతున్నారని చెప్పుకున్నారట.

కొన్ని ప్రయాణాల తరువాత ఒక సంగతి గమనించాను. ఈయన నోట 'లేదు' అన్న మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎవరు ఏది అడిగినా ఉంటుందండి, వస్తుందండి, చూద్దామండి. ఆ సంగతే అడిగాను.

"మా నాన్నగారి కాలంనుంచీ ఈ షాపులో ఆ మాట నిషిద్ధమండి" అన్నాడు గర్వంగా. "పొద్దున్నే లక్ష్మీదేవికి దణ్ణం పెట్టి కూర్చున్న చోట ఆ మాట పలుకుతామాండి?"

ఆచారం నాకు తెలియనిది కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనడం మా ఇంట్లోనూ ఉంది. కాని 'నిండుకున్నాయి' అన్న మాట వినగానే మా ఇంట్లో నేను సంచి పుచ్చుకుని బజారుకు బయలుదేరతాను. బియ్యం పొంగిపొరలుతున్నాయని సంతోషించి కూర్చోను. ఈయన 'ఉంటుంది'కి అటువంటి స్థిరమైన అర్థం కనిపించలేదు. మన వ్యాకరణంలో తద్ధర్మమనే క్రియారూపం ఒకటి ఉంది. అది భూతానికీ భవిష్యత్తుకూ వర్తమానానికీ దేనికీ కట్టుబడక, స్వభావాన్ని మాత్రమే చెబుతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షి ఎగురుతుంది, పినియను ఉంటుంది. ప్రపంచంలో పినియన్లు ఉండటం వాటి స్వభావం. ఆ వాక్యంలో అబద్ధం లేదు. నాకు ఉపయోగమూ లేదు. ఇంత విశ్లేషణ చేసి కూడా, పై శనివారం మళ్లీ రైలెక్కాను. ఎందుకంటే ఆయన అంత నమ్మకంగా చెప్పేవాడు.

మాఘమాసంలో ఒకనాడు నిజంగానే నూనె కాగితంలో చుట్టిన పొట్లం నా ముందు పెట్టాడు. విప్పి చూస్తే నా పినియనుకు రెండింతలున్న చక్రం.

"ఇది లారీదండీ" అన్నాను.

"పెద్దది ఉంటే బలమే కదండి."

"ఇరుసులో పట్టవద్దా?"

"కాస్త సానబట్టించండి, పడుతుంది."

నా చేతిలోని విరిగిన పినియనును దాని పక్కన పెట్టాను. ఏనుగు పక్కన ఎలుకలా ఉంది. ఆయన రెండింటినీ చాలాసేపు చూసి, "తేడా కనిపిస్తోందండి" అని ఒప్పుకున్నాడు. ఆ షాపులో నేను విన్న నిషేధవాక్యానికి అత్యంత సమీపమైన వాక్యం అదే.

ఇది ఇలా ఉండగా, మా స్కూలు డ్రిల్లు మాస్టారు చెప్పగా మరొక మనిషి సంగతి తెలిసింది. తెనాలి చుట్టూ తిరుగుతున్న నాకు, కావలసిన వస్తువు బాపట్లలోనే, సూర్యలంక దారిలో, మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నదట. యుద్ధకాలంలో మిలటరీ లారీల డిపోలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు పాత బండ్లు కొని, విప్పి, సామాను సరుగుడు వాసాల షెడ్డులో పెట్టుకుని ఉండేవారు. అమ్మడం ఆయన వృత్తి అని లోకం అనుకునేది. ఆయన అలా అనుకున్నట్లు నాకు తోచలేదు.

"ఉందా?" అని అడిగాను, వెనుకటి అనుభవంతో వర్తమానకాలాన్ని నొక్కి.

"ఉంది" అని లోపలికి వెళ్లి, క్రౌనూ పినియనూ జతగా తెచ్చి బల్ల మీద పెట్టారు. అదే కంపెనీ కారుది. ఒక్క పన్నైనా చెదరలేదు. నా కళ్లు చెమర్చాయంటే అతిశయోక్తి కాదు.

"పినియను ఇప్పించండి."

"ఒక్కటే అడుగుతారేంటి పంతులుగారూ? రెండూ కలిసి అరిగినవి. విడదీస్తే రెండూ అరుస్తాయి."

"అయితే రెండూ ఇప్పించండి."

"ఇవ్వను. ఒకాయనకి మాటిచ్చాను. వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"ఎప్పుడన్నారు?"

"చాలా కాలమైంది."

"ఇంకా వస్తారంటారా?"

"రాడని మీకెవరన్నా చెప్పారా?" అని గుడ్డ కప్పేశారు.

ఎన్నిసార్లు వెళ్లానో, ఎన్ని విధాల బతిమాలానో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు ట్యూషను చెబుతానన్నాను. ఆయనకు పిల్లలు లేరు. ఆ ఒకాయన అడ్రసు ఇస్తే నేనే రాసి అనుమతి తెప్పిస్తానన్నాను, అడ్రసు తెలియదన్నారు. వస్తువు లేనివాడు ఉంటుందంటాడు. ఉన్నవాడు ఇవ్వనంటాడు. ఈ ఇద్దరి మధ్య నా ఉగాది దగ్గరపడుతోంది.

చివరకు ఒక ఆదివారం నా భార్య తనే చీర మార్చుకుని బయలుదేరింది. "మీరు మాట్లాడకండి, ఊరికే వెంట రండి" అంది.

పెద్దాయన ఆమెను చూసి కుర్చీ వేశారు. "కారు ఎవరు నడుపుతారమ్మా, డ్రైవర్ని పెడతారా?"

"నేనేనండి."

ఆయన నా వంక చూశారు. నేను ఆజ్ఞ ప్రకారం మౌనంగా ఉన్నాను.

"మీకు వచ్చా? ఆ గేర్లు మొండివి."

"మొండివేనండి. క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను కాస్త రేజు చెయ్యాలి. లేకపోతే మా నాన్నగారు తల మీద మొట్టేవారు."

పెద్దాయన నవ్వడం నేను మొదటిసారి చూశాను. ఆ తరువాత ఇద్దరూ చాలాసేపు నాకు అర్థంకాని భాషలో మాట్లాడుకున్నారు. లేచేముందు ఆమె, "మరి ఆయనొస్తే ఏం చెప్తారండి?" అని అడిగింది.

"వస్తే మీ ఇంటికి పంపిస్తాలే. నడిపేవాళ్ల దగ్గర ఉందని చెప్తాను" అని జత కట్టి ఆమె చేతికే ఇచ్చారు. నెలల తరబడి నేను వేసిన ప్రశ్నలో లోపమేమిటో ఎవరూ నాకు చెప్పలేదు.

మరునాడే సెలవు పెట్టి రేపల్లె వెళ్లాం. ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది. బండిలో ఆమె ఆ బరువు మూటను ఒళ్లోనుంచి దించలేదు. సావిడిలోకి వెళ్లేసరికి కారు బానెట్టు తెరిచి ఉంది. లోపల ఇంజను ఉండవలసిన చోట నేల కనిపిస్తోంది. ఒక కోడి అక్కడ గింజలు ఏరుకుంటోంది.

బావమరిది భోజనం మధ్యలో లేచి వచ్చాడు.

"ఉగాది దాకా అన్నావు కదయ్యా" అన్నాను.

"అన్నాను బావగారూ. అరటిగెలలు మార్కెట్టులో వెయ్యడానికి తెనాలి వెళ్లినప్పుడు మీ షాపాయన్ని కలిశాను. మా కారు పినియను ఉందా అని అడిగా. ఉంటుందండి అన్నాడు."

"మరి?"

"మరేంటి? ఉంటే ఇదిగో అంటాడుగా. ఉంటుందన్నాడంటే ఇక లేదనే. మర్నాడే బండి కట్టించా." ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, "మీరు ఇన్నాళ్లూ అది ఉందనుకునే తిరిగారా?" అని అడిగాడు. వెటకారం కాదు; నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అందుకే ఇప్పటికీ మంట.

నా భార్య మూట విప్పి జతను కారు ముందు సీటులో పెట్టి, తలుపు వేసింది. "తోటకి తడులు అయ్యాక ఇంజను తెచ్చియ్యి" అంది తమ్ముడితో. అతడు తల వంచుకుని సరేనన్నాడు. ఆ వేసవి అంతా మామగారి ఇంజను కొల్లూరు లంకలో అరటిచెట్లకు నీళ్లు తోడింది. బాపట్లలో ఆమె దాని ఊసెత్తలేదు. నేను తెనాలి మీదుగా వెళ్లవలసి వచ్చినా రైలు దిగలేదు.

వానలు పడి, కాలువలకు నీళ్లు వదిలాక, ఇంజను బురదతో బండి మీద తిరిగి వచ్చింది. మళ్లీ ఎండలు ముదిరేవరకే అది కారుది. ఆ తరువాత తోటది. ఒప్పందం అంతే. మెకానిక్కు సణుగుతూ ఇంజను ఎక్కించి, పెద్దాయన ఇచ్చిన జతను ఇరుసులో బిగించాడు. ఒక మబ్బు పట్టిన ఉదయం ఆమె కొంగు నడుముకు దోపి, చెప్పులు విడిచి, స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కారు సావిడి దాటింది, వీధి దాటింది, గట్టెక్కింది. నా చేతులు రెండూ తలుపును పట్టుకోవడంలో నిమగ్నమై ఉన్నాయి.

లాకుల దగ్గర తిప్పుకుని రావాలి. అక్కడ తెలిసింది, రివర్సు గేరు పడటం లేదని. అటు మొన వంతెన అంచున, ఇటు వెనుక చక్రం గట్టు అంచున. ఎదురుగా వరినారు బండ్లు ఆగిపోయాయి.

"అమ్మాయిగారూ, కాస్త జరిపితే మేం పోతామండి" అన్నాడు ముందు బండివాడు.

"జరపడానికే చూస్తున్నా బాబాయ్" అంది.

అనుమానంతో సైకిలు మీద వెంట వచ్చిన మా బావమరిది చేరుకున్నాడు. "దిగక్కా, నేను చూస్తాను."

"నువ్వు చూసేదేముందిరా? ముందుకెళ్లి వెనక్కి తోయి. బావగారిని కూడా తీసుకెళ్లు."

అతడు ఇస్త్రీ పంచె ఎగగట్టాడు. నేను కండువా నడుముకు చుట్టాను. బండ్లవాళ్లు కూడా వచ్చి చెయ్యేశారు. ఆమె లోపలినుంచి, "తొయ్యండి, ఆపండి, ఇంకొంచెం, బావగారి వైపు బలం చాలదు" అని చెబుతూ స్టీరింగు తిప్పింది. కారు మొన ఇంటి దారికి తిరిగింది. మేము చేతులు దులుపుకుంటుండగా ఇంజను గర్జించింది, గేరు చప్పుడు లేకుండా పడింది, ఆమె మా కోసం ఆగకుండా గట్టు వెంట వెళ్లిపోయింది. ఆపితే మళ్లీ కదులుతుందో కదలదోనని ఆపలేదని తరువాత చెప్పింది.

"ఎక్కండి బావగారూ" అన్నాడు బావమరిది, సైకిలు వెనక సీటు తుడుస్తూ. ఎక్కి కూర్చున్నాను. మోకాళ్ల దాకా బురదతో, ముందు పోతున్న కారు పొగ పీలుస్తూ ఇద్దరం ఇంటి దారి పట్టాము.