రెండు విమానాల మధ్య మౌలాలి గుట్ట

ఆ రోజు అమీర్‌పేటలోని మా దుకాణంలో ఒక పెళ్లి జాకెట్‌కు చేతులు కుడుతున్నాను. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేను. ఎయిర్‌పోర్టుల ఉన్న."

గొంతు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. నా యారాలు, మా మరిది భార్య. వాళ్లు సూరత్‌లో ఉంటారు. అక్కడ మరిది మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఆరేళ్లుగా మా రెండిళ్ల మధ్య మాటల్లేవు. కూతుర్ని తిరుపతిలో కాలేజీలో చేర్పించి ఒంటరిగా తిరిగి వెళ్తోందట. హైదరాబాద్‌లో విమానం మారాలి. పొద్దున తొమ్మిదింటికి దిగింది, సూరత్ విమానం సాయంత్రం ఐదు దాటాక.

"గింత సేపు ఈడ కూసొని ఏం జెయ్యాలె? నువ్వొస్తనంటే మౌలాలి గుట్ట ఎక్కుదాం. ఇంటికి మాత్రం రాను. ఆయనకు మాటిచ్చిన."

గుట్ట అనగానే నాకు నవ్వొచ్చింది. కొత్త కోడళ్లుగా మేమిద్దరం సనత్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో అత్తతో ఉండేవాళ్లం. పక్కింటామె మౌలాలి గుట్ట ఎక్కి వచ్చి, పైనుంచి ఊరంతా కనబడుతుందని చెప్పింది. మనమూ పోదామని ఎన్ని ఆదివారాలు అనుకున్నామో! చంటిపిల్లల జ్వరాలు, నల్లా నీళ్లు, వచ్చే పోయే చుట్టాలు. ఒక్కసారీ కుదరలేదు.

పదకొండింటికి ఆమె ఎయిర్‌పోర్టు బస్సు దిగింది పంజాగుట్టలో. కళ్లద్దాలు వచ్చాయి, జుట్టు సగం నెరిసింది. భుజానికి చిన్న సంచి. ఎదురెదురుగా నిలబడ్డాం. చివరికి ఆమే ఫ్లైఓవర్ వైపు చూసి, "పేరు పంజాగుట్టనే గని గుట్టేది అక్కా?" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతోనే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, తార్నాకలో దిగాం. దారంతా పిల్లల ముచ్చట్లే. మగవాళ్ల పేరు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మబ్బు పట్టి ఉంది. ఆటో అతను గుట్ట కింద దింపుతూ, "వాన వడేటట్టుంది. మెట్లు జారుతయ్, జర పైలం అమ్మా," అన్నాడు.

రోజంతా మిషను తొక్కే కాళ్లు కదా, మెట్లు నాకో లెక్కా అనుకున్నాను. సగం ఎక్కేసరికి ఊపిరి అందక ఒక రాతి మీద కూలబడ్డాను. ఆమె పక్కనే కూర్చుని నీళ్ల సీసా ఇచ్చింది. ఆరేళ్లుగా నేను దాచుకున్న మాట అప్పుడు నా నోటిదాకా వచ్చింది.

అత్త పోయింది నిండు ఎండాకాలంలో. సూరత్ నుంచి వీళ్లు వచ్చే రైలు ఆలస్యమైంది. వీళ్లు వచ్చేసరికి చితి అంటుకుని ఉంది. "నా తల్లి మొకం సుత సూడనియ్యలే," అని మరిది మా ఆయన మీద అరిచి, దినాల దాకా కూడా ఉండకుండా వెళ్లిపోయాడు. తప్పంతా అన్నదే అయింది.

"చెల్లె, ఆ రోజు మీ బావ ఆగుదామనే అన్నడు," అన్నాను. "ఆగొద్దన్నది నేను. ఆ ఎండకు అత్తను అట్ల సూడలేకపోయిన."

ఆమె లేచి, నన్ను వదిలేసి పైకి ఎక్కసాగింది. దిగిపోతుందేమో అనుకున్నదాన్ని, పైకి వెళ్తుంటే ఏం చేయాలో తెలియక వెనకాలే నడిచాను. పైకి చేరాక ఆమె కొంగు తల మీద కప్పుకుని గుట్ట మీది దర్గా వైపు దండం పెట్టి, ఓ పక్క బండ మీద కూర్చుంది. కింద రైలుపట్టాలు, డాబాల మీద నీళ్ల ట్యాంకులు, దూరంగా మసక మసకగా ఊరు. గాలికి మా చీరలు నిలవడం లేదు.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, "అక్కా, అత్తకు ఏ చీర కట్టిన్రు?" అని అడిగింది.

"నీలం చీర, ఎర్రంచుది. మీరు బతుకమ్మకు పంపిన్రు సూడు, అదే. కట్టుకోకుంట దాసుకున్నది. నేనే స్నానం పోసి కట్టిన."

"తలకు నూనె వెట్టినవా?"

"వెట్టి దువ్విన. ముడి సుత ఏసిన."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఆ చీర ఆయన నడిపే మగ్గం మీద నేసిందే. ఆరేండ్ల సంది ఒక్కటే అంటుండు, మా అమ్మను ఎట్ల సాగదోలిన్రో అని. ఎవల్ని అడగాలె అక్కా?"

ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి నేను తెచ్చిన సర్వపిండి విప్పితే, ఒక ముక్క తిని, "ఉప్పు తక్కువైంది," అంది.

చినుకులు మొదలయ్యాయి. టైము చూస్తే ఒకటిన్నర! ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, పక్కకు తిరిగి, మెట్టు మెట్టూ దిగాం. కిందికి వచ్చి క్యాబ్ ఎక్కితే దారిలో ట్రాఫిక్. ఆమె ప్రతి సిగ్నల్ దగ్గరా ఫోన్‌లో టైము చూసుకుంటోంది. నేనూ ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాను. గేటు దగ్గర టికెట్ చూపిస్తూ వెనక్కి తిరిగి, "నేనొచ్చి పోయిన్నని బావకు చెప్పు," అంటూనే లోపలికి పరుగెత్తింది.

సాయంత్రం మా ఆయన పని నుంచి రాగానే అంతా చెప్పాను, గుట్ట మీద నేను ఒప్పుకున్న మాటతో సహా. ఆయన చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"గదెందుకు చెప్పినవ్? నేనెన్నడన్న ఎవలికన్న చెప్పిన్నా?"

ఆరేళ్లు తమ్ముడి తిట్లు మోసిన మనిషి ఆయన. అత్త పోయిన రోజు నా మాట కాదనలేక ఊరుకున్నాడని నాకు తెలుసు. తమ్ముడికి ఆ సంగతి తెలియనివ్వకుండా కూడా ఊరుకున్నాడని అప్పుడే అర్థమైంది. ఆయన ముందు కూర్చుని ఏడ్చాను.

దసరాకు పది రోజుల ముందు మరిది ఫోన్ చేశాడు. "వదినే, అన్న ఉన్నడా?" అన్నాడు. ఫోన్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. నేను విన్నంతలో సూరత్‌లో వానల గురించీ, కార్ఖానాలో కరెంటు కోతల గురించీ.

"ఏమన్నడు?" అని అడిగాను.

"పిల్లకు పండుగ సెలవులట. తిరుపతికెల్లి అంత దూరం ఒక్కతే ఎందుకు పోవాలె, నాలుగొద్దులు మీతాన ఉంటదన్నడు."

మర్నాడు దుకాణం ఆలస్యంగా తెరిచాను. ఇంట్లో ముందు గదిలోని గుడ్డల మూటలన్నీ అటక మీదికి ఎక్కించి, మంచం మీద కొత్త దుప్పటి వేశాను.