పన్నెండు లెక్కపెట్టేంత దుఃఖం

ఆ రోజుల్లో దేన్నయినా లెక్కలోకి దించితే చాలు, అది నా చేతికి చిక్కినట్టేనని నమ్మేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసి, చిత్తూరు మామిడి మండీలో నాయన పక్కన కాయలు లెక్కపెడుతూ సొంతంగా గణితం నేర్చుకున్న ఇరవై రెండేళ్ల వాడికి ఆ మాత్రం గర్వం ఉంటుంది కదా. ఎనభైల మొదట్లో మండీవాళ్లం కలిసి ఒక పాత పద్యనాటకం వేశాం. కొడుకు శవం ముందు రాజు తనలో తాను మాట్లాడుకునే ఘట్టం నాది. (కిరీటం నా తలకే సరిపోయింది, అంతే.) నాటకాలంటే పడని నాయన "సూస్తాలే" అన్నాడు. ఆయన చేత ఒక్కసారి బాగుందనిపించుకోవాలని నా ఆరాటం. అందుకే దుఃఖానికి కొలతలు వేసుకున్నాను: నాలుగడుగుల నడక, పన్నెండు లెక్కపెట్టేంత మౌనం, ఆపైన మోకాళ్ల మీద కూలడం. హార్మోనియం అయ్యవారు విని, "ఏడుపుక్కూడా కొలతలేందప్పా, సొక్కాయి కుట్టిస్తుండావా?" అన్నాడు.

నాటకం వేసిన సాయంత్రం నాయన ముందు వరసలోనే కూర్చున్నాడు. నాలుగడుగులు నడిచి ఆగాను. ఆయన్ని చూసిన కంగారులో, మనసులో పెట్టుకోవాల్సిన లెక్క మండీ గొంతుతో బయటికి వచ్చేసింది: "లాభం... రెండు... మూడు..." (మండీలో తొలి కాయకు ఒకటి అనరు, లాభం అంటారు.) జనం గొల్లుమన్నారు. లెక్క మూడు దగ్గరే తెగింది. లెక్క మధ్యలో ఆగితే ఓర్చుకోలేని నాయన, అలవాటు కొద్దీ కేకేశాడు: "నాలుగు!"

మర్నాడు మండీలో తల ఎత్తలేదు. నాయన కాయలు ఏరుతూ మెల్లగా అన్నాడు: "కొడుకు పోయినోడు లెక్క పెడతాడేమిరా? మీ అన్న పోయిన మూడో నాడు పనికొచ్చినాను. లాభం అంటాను, రెండు అంటాను, ఆపైన ఏమొస్తాదో తెలీదు. మళ్లా లాభం అంటాను. పొద్దు గూకేదాకా ఒక్క గంప తెమల్లేదు."

నేను పుట్టకముందే పోయిన అన్న గురించి ఆయన నోట వినడం అదే మొదలు.

తరువాతి వారం కాణిపాకంలో మళ్లీ వేశాం. కొలతలన్నీ వదిలేసి శవం పక్కన ఊరికే నిలబడ్డాను. నాటకమయ్యాక నాయన కండువాతో ముఖం తుడుచుకుని, "శానాసేపు నిలబడినావే" అన్నాడు. అంతే.

ఇప్పుడు మా ఇంటి నుంచి బస్టాండుకు ఎన్ని అడుగులో అడగండి, చెప్పగలను. కాణిపాకంలో ఆ శవం పక్కన ఎంతసేపు నిలబడ్డానో మాత్రం ఎన్నిసార్లు లెక్క వేసినా తేలదు. లాభం అనుకుంటాను, నవ్వొస్తుంది, అక్కడే ఆగిపోతాను.